కుడి ముందు టైరును కాపాడుకోండి: ఐరేసింగ్‌లో స్టాక్ కారు బాగా నడపడం ఎలా

ఉదయం ఆరున్నరకి ఇంట్లో ఇంకా ఎవరూ లేవరు. అమెరికా తూర్పు తీరంలో వేసవి రోజుల్లో అప్పటికి రాత్రి తొమ్మిది. అక్కడివాళ్లు భోజనాలు ముగించుకుని రేసుకు కూర్చునే వేళ అది. హైదరాబాద్‌లో నేను కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, ఐరేసింగ్ అనే ఆన్‌లైన్ కంప్యూటర్ రేసింగ్ ఆటలో వాళ్ల వరుసలోనే చివర్న నిలబడేవాణ్ని. మొదటి ఆరు నెలలు నా కథ మారలేదు. ఐదో ల్యాప్ దాకా నేను హీరోని. ఇరవయ్యో ల్యాప్‌కల్లా స్టీరింగ్ ఎంత తిప్పినా బండి తిరగనని మొండికేసేది, గోడ దగ్గరికి వచ్చేసేది. వేగం చాలట్లేదు అనుకుని మలుపులోకి ఇంకా గట్టిగా వెళ్లేవాణ్ని. అసలు తప్పంతా అక్కడే ఉంది.

స్టాక్ కారు అంటే మామూలు కారు రూపంలో ఉండే అమెరికా రేసు కారు. దాని రేసు చాలావరకు ఎడమవైపు తిరగడమే. ఎడమకు తిరుగుతుంటే బండి బరువు కుడివైపు ఒరుగుతుంది. బ్రేకు వేస్తే ముందుకు ఒరుగుతుంది. రెండూ కలిసి పడేది కుడి ముందు టైరు మీద. బండి బరువు సుమారు ఒకటిన్నర టన్ను. అందులో పెద్ద వాటా మోస్తూనే బండిని తిప్పాల్సింది కూడా ఆ టైరే. దాన్ని వేడెక్కించి అరగదీసినవాడు వెనకబడతాడు, కాపాడుకున్నవాడు ముందుకు వెళ్తాడు. ఇక్కడ చెప్పేవన్నీ దాన్ని కాపాడుకునే పద్ధతులే. నేను ఆడేది ఐరేసింగ్ కాబట్టి ఉదాహరణలు అందులోవే ఇస్తాను. 2025లో ఐరేసింగ్ సంస్థే కన్సోళ్ల కోసం తెచ్చిన నాస్కార్ 25 ఆటలోనూ (నాస్కార్ అంటే అమెరికాలో స్టాక్ కారు రేసులు నడిపే సంస్థ) ఈ సూత్రాలు పనికొస్తాయి.

ముందు కుర్చీ సంగతి చూడండి

చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. మీరు దాటకండి. తెరలో ఎంత కోణం కనిపించాలన్న సెట్టింగ్, అంటే ఫీల్డ్ ఆఫ్ వ్యూ, తప్పుగా ఉంటే దూరాల అంచనా అంతా తప్పుతుంది. 27 అంగుళాల మానిటర్ వెడల్పు దాదాపు 60 సెంటీమీటర్లు. మీ కళ్లు దానికి 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటే సరైన కోణం 46 డిగ్రీల చుట్టుపక్కల వస్తుంది. మానిటర్‌ను 50 సెంటీమీటర్లకు జరిపితే 62 డిగ్రీలు వస్తుంది. అంటే డబ్బు ఖర్చు లేకుండా చూపు పెరిగినట్టే. మీ కొలతలిస్తే ఆటే లెక్క కట్టిపెడుతుంది. మొదట్లో తెర ఇరుకుగా, వేగం తక్కువగా అనిపిస్తుంది. మూడు రోజులు ఓపిక పట్టండి.

మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. మన దేశంలో డ్రైవర్ కూర్చునేది కుడివైపు, స్టాక్ కారులో ఎడమవైపు. గోడేమో కుడివైపు ఉంటుంది, అంటే మనకు దూరంగా. రోజూ ఆఫీసుకు కుడి సీట్లో కూర్చుని వెళ్లేవాడికి కారు కుడి అంచు ఎక్కడుందో ఆటలో తెలియదు. గోడకు గీరుకుపోతున్నామనుకుంటాం, తీరా రీప్లేలో చూస్తే సగం కారు పట్టేంత ఖాళీ ఉంటుంది. దీనికి మందు సులువే. ఒక్కరే టెస్ట్ సెషన్ పెట్టుకుని, నిదానంగా పోతూ గోడను కావాలనే మెల్లగా తాకండి. తాకిన క్షణంలో అద్దం అంచు, గోడ మీది గీత తెరలో ఎక్కడ కలుస్తున్నాయో గుర్తుపెట్టుకోండి. అరగంటలో కన్ను అలవాటు పడుతుంది. డల్లాస్‌లోనో షార్లెట్‌లోనో ఉంటూ రోజూ ఎడమ సీట్లో నడిపే మన మిత్రులకు ఈ బాధ లేదు.

స్టీరింగ్ చక్రం ఖరీదైనదే కానక్కర్లేదు. కానీ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్, అంటే చక్రం చేతికి ఎదురిచ్చే బలం, మరీ ఎక్కువ పెట్టుకోవద్దు. అన్ని వేళలా బిగుసుకునే ఉంటే టైరు పట్టు వదిలే ముందు చక్రం తేలికయ్యే ఆ చిన్న తేడా చేతికి తెలియదు. మీకు కావాల్సిన కబురంతా ఆ తేడాలోనే ఉంది.

టైట్, లూజ్: రెండు మాటలు, మూడు చోట్లు

స్టీరింగ్ తిప్పినా ముక్కు తిరగకుండా బండి గోడవైపు పోతుంటే అది టైట్. వెనక భాగం జారి బండి గిర్రున తిరిగేలా ఉంటే అది లూజ్. ఇంతవరకు అందరికీ తెలుసు. పని జరిగేది మాత్రం రెండో ప్రశ్న దగ్గర: మలుపులో ఎక్కడ? లోపలికి వెళ్లేటప్పుడా, మధ్యలోనా, బయటికి వచ్చేటప్పుడా?

కొత్తవాళ్ల ఫిర్యాదు మామూలుగా ఇలా ఉంటుంది: "బయటికి వచ్చేటప్పుడు బండి లూజ్ అయిపోతోంది, సెటప్ బాలేదు." సెటప్ అంటే బండి భాగాల అమరిక. రీప్లే పెట్టి చూస్తే జరిగింది వేరు. మలుపులోకి మరీ వేగంగా వెళ్లాడు. మధ్యలో కుడి ముందు టైరు తట్టుకోలేక బండి టైట్ అయింది. కోపమొచ్చి స్టీరింగ్ ఇంకా తిప్పాడు. అంత తిప్పి ఉన్నప్పుడే యాక్సిలరేటర్ తొక్కాడు. ముందు టైరుకు ఒక్కసారిగా పట్టు దొరికింది, వెనక జారింది. బయట కనిపించిన లూజ్‌కి పుట్టుక లోపలికి వెళ్లిన తీరులోనే ఉంది. సెటప్ జోలికి వెళ్లే ముందు ఈ గొలుసు మీదేనేమో చూసుకోండి. పదిలో ఎనిమిది సార్లు నాదే అయ్యేది.

ఒక్క మలుపు నేర్చుకోండి: మార్టిన్స్‌విల్

పది ట్రాకులు తిరిగే బదులు నెల రోజులు ఒక్క ట్రాకు మీద ఉండండి. నా ఓటు వర్జీనియాలోని మార్టిన్స్‌విల్‌కి. 1947లో మొదలైన ట్రాకు, పొడవు 0.526 మైలు, పేపర్ క్లిప్ ఆకారం. 800 అడుగుల సూటిదారులు రెండు, 12 డిగ్రీల వాలున్న మలుపులు రెండు. గెలిచినవాడికి నిలువెత్తు గడియారం బహుమతిగా ఇస్తారు. ఇక్కడ బండి తప్పుల్ని దాచిపెట్టే వాలు గానీ గాలి ఒత్తిడి గానీ పెద్దగా లేవు. కాలు తప్పు చేస్తే ఆ ల్యాప్‌లోనే తెలిసిపోతుంది.

సూటిదారంతా తారు, మలుపులు కాంక్రీటు. రంగు మారే ఆ చోటు మీకు దేవుడిచ్చిన గుర్తు. దానికి ఎంత ముందు కాలు తీస్తున్నారో ఒక లెక్క పెట్టుకోండి.

మొదట, బండి గోడ దగ్గర సూటిగా ఉండగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి బ్రేకు గట్టిగా వేయండి. స్టీరింగ్ సూటిగా ఉన్నంతసేపే గట్టి బ్రేకు. తిప్పడం మొదలుపెట్టారంటే బ్రేకును వదులుతూ పోవాలి. ఒక్కసారి వదిలేస్తే ముందుకు ఒరిగిన బరువు వెనక్కి ఎగురుతుంది, ముక్కు తేలిపోతుంది. నిద్రపోతున్న పిల్లాడి తల కింద నుంచి చెయ్యి లాక్కుంటామే, అలా తీయాలి బ్రేకు మీంచి కాలు.

తర్వాత వచ్చేదే కష్టమైన ఘట్టం. మలుపు నడుమ ఒక క్షణం బ్రేకూ లేదు, యాక్సిలరేటరూ లేదు. బండి దానంతటదే దొర్లుతుంది. వీడు పడుకున్నాడేమో అనిపించేంత సేపు. కాలు ఊరికే ఉండలేక తొక్కేస్తాం. ఆగండి. లోపలి అంచున కాస్త ఎత్తుగా కట్టిన గట్టు ఉంటుంది, దానికి దగ్గరగా, తాకకుండా పోనివ్వండి. తాకితే ఎడమ చక్రాలు ఎగిరి మళ్లీ మొదటికొస్తుంది. ముక్కు సూటిదారి వైపు చూస్తోంది అనిపించాకే యాక్సిలరేటర్.

ఇక్కడ ఒక ఊహ పనికొస్తుంది. మీ కాలి బొటనవేలికీ స్టీరింగ్‌కీ మధ్య తాడు కట్టి ఉందనుకోండి. స్టీరింగ్ తిరిగి ఉంటే తాడు బిగిసి కాలు పైకి లేస్తుంది. స్టీరింగ్ సూటి అయ్యేకొద్దీ తాడు వదులై కాలు కిందికి దిగుతుంది. రెండూ ఒకేసారి చేయాలనుకుంటే తాడు తెగుతుంది, అంటే మీరు ఎదురు తిరిగి నిలబడి, వచ్చే బళ్ల ముఖాలు చూస్తుంటారు.

ఇప్పుడు ఒక పరీక్ష. పది ల్యాప్‌లు మీకు అలవాటైన చోటే బ్రేకు వేయండి. మరో పది ల్యాప్‌లు ఒక కారు పొడవు ముందే వేసి, అంతే ముందుగా వదిలేయండి. అన్నిటికంటే మంచి ల్యాప్ ఏదో చూడొద్దు, పది ల్యాప్‌ల మొత్తం కలపండి. రెండోది నిదానంగా అనిపిస్తుంది, గడియారం మాత్రం చాలాసార్లు వేరే మాట చెబుతుంది. కారణం మామూలుదే. మలుపు నుంచి ముందుగా, సూటిగా బయటపడితే ఆ వేగం సూటిదారంతా మీ వెంట వస్తుంది. మలుపుకి పదో వంతు సెకను చొప్పున ల్యాప్‌కి రెండు మలుపులు, యాభై ల్యాప్‌లంటే పది సెకన్లు. ఇరవై సెకన్లకు ఒక చుట్టు తిరిగే మార్టిన్స్‌విల్‌లో అది సగం ట్రాకు.

మార్టిన్స్‌విల్ అనగానే గుర్తొచ్చే ముచ్చట ఒకటుంది. 2022 అక్టోబరు 30న అసలు నాస్కార్ రేసులో, చివరి ల్యాప్‌లో, రాస్ చాస్టెయిన్ అనే డ్రైవర్ బ్రేకు వేయకుండా గోడకు ఆనించి, ఐదో గేరులో పూర్తి యాక్సిలరేటర్‌తో మలుపంతా తిరిగి ఐదు బళ్లను దాటేశాడు. చిన్నప్పుడు గేమ్‌క్యూబ్‌లో నాస్కార్ ఆట ఆడుతూ చేసిన పనే అది. ఆ మరుసటి ఏడాది నుంచి అలా చేస్తే శిక్ష ఉంటుందని నాస్కార్ చెప్పేసింది. మీరు ఐరేసింగ్‌లో ప్రయత్నిస్తే బండి తుక్కవుతుంది, పెనాల్టీ పాయింట్లూ వస్తాయి.

టైరు చెప్పింది చదవండి

ఇరవై ల్యాప్‌లు తిరిగి గరాజ్‌లోకి వస్తే ప్రతి టైరుకీ లోపలి అంచు, మధ్య, బయటి అంచు వేడి కనిపిస్తుంది. ఎంత అరిగిందో కూడా కనిపిస్తుంది. నేను చూసేది ముందుగా ఒక్కటే: కుడి ముందు టైరుకీ కుడి వెనక టైరుకీ తేడా. ముందుది బాగా ఎక్కువ వేడెక్కి, ఎక్కువ అరిగి ఉంటే మలుపులోకి దూకుతున్నానన్నమాట. వెనకది ఎక్కువైతే బయటికి వచ్చేటప్పుడు కాలు ఆత్రపడుతోంది. నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకోండి. నా పాత పుస్తకంలో మొదటి నెలంతా ముందు టైరు నిప్పు, వెనక టైరు చల్లన.

టైర్లు పాతబడ్డాక మార్చాల్సింది స్టీరింగ్ కాదు, దారి. కింది దారిలో, అంటే లోపలి అంచు వైపు, బండి టైట్ అవుతుంటే సగం కారు వెడల్పు పైకి వెళ్లి చూడండి. మలుపు పెద్దదవుతుంది, టైరుకు పని తగ్గుతుంది. ఇంకో సూచన, ఇది కాస్త పిసినారితనం: మొదటి పది ల్యాప్‌లు సత్తా ఉన్నా తొంభై ఐదు శాతమే నడపండి. ముందు ఇద్దరు పోతారు, పోనివ్వండి. ముప్పయ్యో ల్యాప్‌లో వాళ్లే మీ దారిలోకి వస్తారు.

పెద్ద ట్రాకుల్లో గాలి

షార్లెట్ లాంటి మైలున్నర ట్రాకులో మలుపుల వాలు 24 డిగ్రీలు. అక్కడ బండిని నేలకు అదిమేది గాలి. ముందున్న బండికి అతుక్కుపోతే మీ ముక్కు మీదికి గాలి రాదు, కుడి ముందు టైరు మీద ఒత్తిడి తగ్గుతుంది, బండి టైట్ అవుతుంది. అప్పుడు సెటప్‌ను తిట్టుకోకండి. వాడి వెనకే పోకుండా సగం వరుస పైకో కిందికో జరిగి ముక్కును గాలిలో పెట్టండి. లేదంటే మలుపులోకి కాస్త ముందే కాలు తీసి, బయటికి వచ్చేటప్పుడు వాడి లోపలివైపు పట్టుకోండి.

డార్లింగ్టన్ గురించి రెండు ముక్కలు. 1950లో తెరిచిన ఈ ట్రాకు కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. స్థలం ఇచ్చినాయన తన చేపల కుంటను కదిలించొద్దన్నాడట, అందుకే ఒక చివర ఇరుకు. ఒక చివర బాగున్న బండి ఇంకో చివర బాగోదు. రెండింటికీ రెండు బ్రేకు గుర్తులు పెట్టుకోండి. ఇక్కడ వేగమైన దారి గోడను రాసుకుంటూ పోతుంది కాబట్టి పైన చెప్పిన గోడ తాకే సాధన ఇక్కడే చేయడం మంచిది.

డేటోనా, టాలడేగా

డేటోనా రెండున్నర మైళ్లు, మలుపుల వాలు 31 డిగ్రీలు. టాలడేగా 2.66 మైళ్లు, 33 డిగ్రీలు. యాక్సిలరేటర్ నేలకు తొక్కిపట్టి తిరగడమే కదా అనుకుంటాం. నిజమే, బండి నడపడం ఇక్కడ తేలిక. ముప్పై మంది పక్కన నడపడమే కష్టం.

గుంపులో ఎప్పుడూ బ్రేకు వేయొద్దు. ముందువాడి మీదికి దూసుకుపోతుంటే సగం కాలు తీయండి, లేదా గాలి తగిలేలా పక్కకు కాస్త జరగండి. మీరు బ్రేకు వేస్తే మీ వెనకున్నవాడికి తెలిసేలోపు నలుగురు గుద్దుకుంటారు. వెనక నుంచి నెట్టడం సూటిదారిలోనే, బంపర్ నడిమధ్యనే. మలుపులోనో, బంపర్ మూల మీదో నెడితే ఎదుటివాడు తిరిగిపోతాడు, నష్టం మీదాకా వస్తుంది. పక్కన ఉన్నప్పుడు మీ ముక్కును వాడి వెనక చక్రం దగ్గరికి చేరిస్తే వాడి బండికి గాలి అడ్డుపడి మెల్లబడుతుంది, సైడ్ డ్రాఫ్ట్ అంటే అదే.

అన్నిటికంటే పెద్ద పాపం, ఆలస్యంగా అడ్డు వెళ్లడం. వెనక నుంచి వేగంగా వస్తున్నవాడి ముందుకు మళ్లాలంటే వాడు ఇంకా రెండు మూడు బళ్ల దూరంలో ఉండగానే మళ్లాలి. ముక్కు మీ బంపర్ దాకా వచ్చాక మళ్లితే అది అడ్డు కాదు, యాక్సిడెంటు.

పక్కన బండి ఉంటే

స్పాటర్, అంటే పక్కన ఎవరున్నారో చెప్పే గొంతు, చెవిలో "ఔట్‌సైడ్" అన్నాడంటే "క్లియర్" అనేవరకు పైకి జరగొద్దు. అద్దంలో ఏం కనిపించినా సరే. ఎఫ్3 నొక్కితే ముందువాడూ వెనకవాడూ ఎన్ని సెకన్ల దూరంలో ఉన్నారో చూపించే పెట్టె వస్తుంది. సూటిదారిలో దాన్ని చూడటం అలవాటు చేసుకోండి, మలుపులో కాదు.

ఇండియా నుంచి ఆడేవాళ్లకు ఇంకో జాగ్రత్త. అమెరికా సర్వర్ దాకా సిగ్నల్ పోయి రావడానికి సమయం పడుతుంది. మీ తెర మీద పక్క బండి ఉన్న చోటు, నిజంగా అది ఉన్న చోటు కచ్చితంగా ఒకటి కావు. మీకు అడుగు ఖాళీ కనిపించినా వాడి తెర మీద తగిలి ఉండొచ్చు. నాకు ఒకసారి గెలుపు ముంగిట ఇలాగే జరిగింది. అవతలివాడు తిట్టాడు, నేనూ తిట్టాను, రీప్లేలో ఇద్దరిదీ తప్పు లేదు. అప్పటి నుంచి పక్కన ఇంకో రెండడుగులు వదిలేస్తున్నాను. వై-ఫై వదిలేసి కేబుల్ పెట్టుకోవడం మాత్రం తప్పనిసరి.

ఐరేసింగ్‌లో బండి అదుపు తప్పితే 2, ఇంకో బండిని గట్టిగా ఢీకొంటే 4 పాయింట్లు మీ ఖాతాలో పడతాయి. తప్పు ఎవరిదని ఆట అడగదు. కొత్తవాళ్లకిచ్చే రూకీ లైసెన్స్ దాటి పైకి వెళ్లాలంటే ఈ పాయింట్లు తగ్గాలి. కాబట్టి మొదటి నెల ముందుకు దూసుకుపోయే ప్రయత్నమే వద్దు. మొదటి రెండు ల్యాప్‌లు టైర్లు చల్లగా ఉంటాయి, అందరూ వేడిగా ఉంటారు. గొడవ అక్కడే జరుగుతుంది, వెనక నుంచి చూస్తూ దారి వెతుక్కోండి.

పిట్, సెటప్: క్లుప్తంగా

స్టాక్ కార్లలో పిట్ (టైర్లు, ఇంధనం కోసం ఆగే చోటు) వేగాన్ని అదుపులో పెట్టే లిమిటర్ ఉండదు. ఆ పనీ మీ కాలిదే. రేసుకు ముందు పిట్‌లోకి వెళ్లడం ఐదుసార్లు సాధన చేయండి, ఏ గేరులో ఎన్ని ఆర్‌పీఎం దగ్గర వేగం సరిపోతోందో చీటీ మీద రాసి మానిటర్ కింద అంటించండి. నాకు పిట్ వేగం పెనాల్టీ వల్ల పోయినన్ని రేసులు గుద్దుకోవడం వల్ల పోలేదు.

సెటప్ విషయానికొస్తే, మొదట్లో అందరికీ ఒకే సెటప్ ఉండే ఫిక్స్‌డ్ రేసుల్లోనే ఆడండి. తర్వాత సొంతంగా మార్చాలనిపిస్తే క్రాస్ వెయిట్‌తో, అంటే కుడి ముందు, ఎడమ వెనక చక్రాల మీద పడే బరువు వాటాతో, మొదలుపెట్టండి. పెంచితే బండి టైట్ వైపు, తగ్గిస్తే లూజ్ వైపు పోతుంది. బ్రేకు బలం ముందుకు జరిపితే లోపలికి వెళ్లేటప్పుడు బండి నిలకడగా ఉంటుంది, వెనక్కి జరిపితే ముక్కు చురుగ్గా తిరుగుతుంది. పాత తరం కార్లలో ట్రాక్ బార్ (వెనక ఇరుసు పక్కకు జరగకుండా పట్టే కడ్డీ) ఎత్తితే లూజ్, దించితే టైట్. 2022లో వచ్చిన నెక్స్ట్ జెన్ కారులో వెనక చక్రాల సస్పెన్షన్ విడివిడిగా ఉంటుంది కాబట్టి ఆ బారే లేదు. ఒకసారికి ఒక్కటే మార్చి పది ల్యాప్‌లు తిరగాలి. రెండు మార్చితే ఏది పనిచేసిందో ఆ పరమాత్ముడికే తెలియాలి.

వారానికి ఒక పట్టిక

సీజన్ 12 వారాలు, వారానికో ట్రాకు. నేను పాటించే పద్ధతి ఇది. మొదటి రోజు ఒంటరిగా నలభై నిమిషాలు, గోడ అంచనా, బ్రేకు గుర్తులు. రెండో రోజు పూర్తి ట్యాంకుతో ముప్పై ల్యాప్‌లు ఆపకుండా. మొదటి ఐదింటి సగటు, చివరి ఐదింటి సగటు రాసుకుని తేడా చూస్తాను. మూడో రోజు ఓపెన్ ప్రాక్టీసులో నాకంటే కాస్త వేగమైనవాడి వెనక పదిహేను ల్యాప్‌లు, దాటకుండా. వాడు కాలు ఎక్కడ తీస్తున్నాడో ఇంజను చప్పుడు చెబుతుంది. ఆ తర్వాతే రేసు, అదీ వారానికి రెండు మించకుండా.

ఆటతో మొదలుపెట్టి అసలు ట్రాకు దాకా వెళ్లినవాళ్లూ ఉన్నారు. నాస్కార్ డ్రైవర్ విలియం బైరన్ కుర్రతనంలో ఐరేసింగ్‌లోనే నేర్చుకుని 2024లో, 2025లో డేటోనా 500 రేసు గెలిచాడు. మనకు అంత అక్కర్లేదు. రేసయ్యాక రీప్లే తెరిచి, బాగా వచ్చిన ల్యాప్‌నీ చివరి ల్యాప్‌నీ కాక్‌పిట్ కెమెరాలో పక్కపక్కన పెట్టి డ్రైవర్ చేతులు మాత్రమే చూడండి. మలుపు నడుమ చక్రం చివరి ల్యాప్‌లో ఎంత ఎక్కువ తిరిగి ఉందో, రేపటి సాధన అక్కడి నుంచే.